మారుమనస్సు తరువాతి దినాలు: తెలుగు క్రైస్తవుల నిత్యభక్తి చరిత్ర

'మారు' మొదట చేరిన తెలుగు సమాసాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తోస్తుంది. మారుపేరు అసలు పేరు కాదు. మారువేషం అసలు రూపం కాదు. మారుతాళంతో తీసేది తరచుగా మరొకరి ఇంటి తలుపు. ఈ వరసలోనే తెలుగు క్రైస్తవులు తరతరాలుగా వాడుతున్న 'మారుమనస్సు' కూడా ఉంది. పాత బతుకు నుంచి కొత్త బతుకులోకి మళ్లడాన్ని చెప్పడానికి వాడుకలో నిలిచిన మాట ఇది. తమిళంలో ఇదే భావానికి 'మనందిరుంబుదల్' అంటారు. అంటే మనసు మళ్లడం. తమిళ మాట జరుగుతున్న పనిని చెబుతుంది. తెలుగు మాట ఆ పని అయ్యాక మిగిలినదాన్ని చెబుతుంది. ఆ మిగిలినది మనసా, వేషమా అన్న అనుమానానికి తెలుగు సమాసంలో కాస్త చోటుంది.

ఈ అనుమానం భాషలో మాత్రమే లేదు. మతం మార్చుకొన్నవారిని ఊరు అనుమానించింది, ప్రభుత్వం అనుమానించింది, బాప్తిస్మం ఇచ్చిన మిషనరీలు సైతం కొన్నిసార్లు అనుమానించారు. చరిత్రకారులు ఎక్కువగా బాప్తిస్మాల లెక్క దగ్గరే ఆగిపోయారు. ఎంతమంది చేరారు, ఎందుకు చేరారు, కరువు వల్లనా, కులపీడన వల్లనా, బోధ వల్లనా అన్న చర్చ పుష్కలంగా ఉంది. చేరిన మర్నాడు, ఆ తరువాతి సంవత్సరాల్లో, పొద్దున లేచి ఆ విశ్వాసాన్ని ఎలా నిలుపుకొన్నారన్నదాని మీద చర్చ తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ రెండో సంగతినే పరిశీలించదలచాము. అనుమానానికి జవాబు దొరికేది అక్కడే. తెలుగునేలకు వెలుపల పెరిగిన తెలుగు విద్యార్థులకు ఇందులో భాషకు సంబంధించిన మరో ప్రయోజనం కూడా ఉంది.

నడత, దోవ

మతజీవితాన్ని నడకగా భావించడం హీబ్రూ, గ్రీకు మూలాల్లో ఉంది. కాని తెలుగువారికి అది అరువు భావనగా తోచలేదు. మనకు 'నడత', 'నడవడి' ఎప్పటి నుంచో ఉన్నాయి. కన్నడ విద్యార్థులకు 'నడతె' తెలుసు; తమిళ విద్యార్థులకు 'నడత్తై' తెలుసు. మూడు భాషల్లోనూ మనిషి శీలానికి పేరు కాళ్ల నుంచే వచ్చింది. మూడింటిలోనూ అది ఒక్క అడుగు కాదు, వేస్తూ పోయే అడుగు. అందుకే అనువాదకులకు ఈ మాట కోసం పెద్దగా వెతకవలసిన పని కలగలేదు.

తెలుగు అచ్చు చరిత్రకారులు తొలి తెలుగు ముద్రిత పుస్తకాలుగా లెక్కించేవి జర్మనీలోని హాలే పట్టణంలో 1746-47లో వెలువడ్డాయి. వాటిని రాసినవాడు బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ. అతడు 1719లో తరంగంబాడికి వచ్చి, తరువాత మద్రాసు చేరి అక్కడ తెలుగు నేర్చుకొన్నాడు. మద్రాసులో తెలుగు నేర్చుకోవలసి రావడమే ఆనాటి ఆ నగరం ఎవరిదో చెబుతుంది. తమిళులు 'వడుగు' అని పిలిచిన భాష ఆ వీథుల్లో నిత్యవ్యవహారంలో ఉండేది. ఆ చిన్న పుస్తకాల్లో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ'. మోక్షం అన్న పాతమాట, దోవ అన్న వాడుకమాట, కొంచుపోవడం అన్న క్రియ. పండితులు మెచ్చే పేరు కాదు. వీథిలో విన్న తెలుగు. తెలుగు అచ్చు మొదలైంది కావ్యంతో కాదు, వ్యాకరణంతో కాదు, సామాన్యుడు రోజూ నడవవలసిన దారిని చెప్పే పుస్తకాలతో. అవి తెలుగువారి ఇళ్లలోకి పెద్దగా చేరలేదు. చదవగలిగినవారు బహు కొద్దిమంది కావడం అందుకు ఒక కారణం. నిత్యభక్తికి పుస్తకం చాలదు, జ్ఞాపకంలో నిలిచే సాధనం మరొకటి కావాలి.

పర్లాకిమిడి నుంచి కటకం దాకా

ఆ సాధనం పాట. దానిని అందించినవారిలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో ఇంగ్లీషు బాప్తిస్టు మిషనరీ చార్లెస్ లేసీ చేత బాప్తిస్మం పొందాడు. 1890లో కన్నుమూశాడు. అంటే ముప్పయ్యో ఏట తీసుకొన్న నిర్ణయాన్ని ఆయన యాభై ఏడేళ్లు మోశాడు. నిర్ణయం ఒక్కనాటిది; మోత యాభై ఏడేళ్లది. ఆయన కీర్తనలన్నీ ఆ మోతలో పుట్టినవే.

పర్లాకిమిడి అనగానే తెలుగు విద్యార్థికి గిడుగు రామమూర్తి గుర్తుకు వస్తారు. వాడుకభాష ఉద్యమానికి అది పుట్టినిల్లు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరిన సంగతి తెలిసిందే. సరిహద్దు గీత మారినా పురుషోత్తముని కీర్తనలు గీతకు ఇటూ అటూ నిలిచాయి. బరంపురంలో పాడినా విశాఖపట్నంలో పాడినా అవే పాటలు. ఒడిశాలోని తెలుగువారు ఆంధ్రసాహిత్యానికి ఇచ్చిన వాటిని లెక్కవేసేటప్పుడు ఈ కీర్తనలను మరచిపోవడం మనకు పరిపాటి అయింది. అది సవరించుకోవలసిన లోపం.

ఈ కీర్తనలు పనిచేసిన తీరు గమనించదగినది. పల్లవి, అనుపల్లవి, చరణాలు, పైన రాగం, తాళం. హరికథల్లో, భజనల్లో చెవికి అలవాటైన చట్రమే. అక్షరం రానివారికి పల్లవి తిరిగి తిరిగి వచ్చి ఆధారమవుతుంది; ప్రాస తరువాతి పాదాన్ని గుర్తుకు తెస్తుంది. చదువు వచ్చిన ఒక్కరు చరణం అందిస్తే పదిమంది పల్లవి పట్టుకొంటారు. ఒక్క పుస్తకం ఊరంతటికీ సరిపోతుంది. పులిపాక జగన్నాథం వంటి తరువాతి కవులూ ఈ బాటే పట్టారు. ఇవన్నీ చేరిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే సంపుటిని లూథరన్లు, బాప్తిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవారు ఉమ్మడిగా వాడుకొన్నారు. సిద్ధాంతాల్లో విడిపోయినవారు పాటల పుస్తకం దగ్గర కలిశారు. అందులో ఉదయానికి, సాయంకాలానికి, పెళ్లికి, చావుకు వేరువేరు పాటలున్నాయి. ఆదివారపు పుస్తకంగా కనిపించేది నిజానికి దినచర్య పుస్తకం. పాట గుర్తున్నవాడు పొలంలో ఒంటరిగా ఉన్నా ప్రార్థన మానడు.

ఒంగోలు: మూడు నియమాలు

పాట ఒక వైపు. రెండో వైపు నియమం. దీనికి ఒంగోలు చరిత్ర మంచి ఉదాహరణ. 1854 జనవరి 1 ఉదయం ఒంగోలు కొండమీద అయిదుగురు ప్రార్థన చేశారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువారు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. ఆ తరువాత పన్నెండేళ్లు చెప్పుకోదగ్గ ఫలితమేమీ లేదు. కొండమీది ప్రార్థనను ప్రతివారూ చెబుతారు. ఆ పన్నెండేళ్ల ఖాళీని ఎవరూ చెప్పరు. మా దృష్టిలో ఆ ఖాళీలో పట్టు విడవకపోవడమే అసలు విషయం.

1866లో యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. అంతకుముందే గురువును ఆశ్రయించి రాజయోగ సాధన చేసినవాడు. గురువు దగ్గర కూర్చోవడం, రోజూ సాధన చేయడం, శిష్యులను కూడగట్టడం ఆయనకు కొత్త కాదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పూర్వచరిత్రను శ్రద్ధగా నమోదు చేసింది. నిత్యభక్తి మిషనరీ ఓడ మీద దిగుమతి అయిన వస్తువు కాదనడానికి ఇది బలమైన సాక్ష్యం. సాధన అలవాటు ముందే ఉంది. దాని గమ్యం మారింది.

చేరినవారి నుంచి మిషనరీ జాన్ క్లౌ కోరినవి మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి ఇవి చిన్న నియమాలు. ఆనాటి పల్లె ఆర్థికవ్యవస్థలో పెట్టి చూడాలి. చచ్చిన గొడ్డును ఎత్తుకుపోవడం మాదిగల బాధ్యత. దాని తోలు, మాంసం వారి హక్కు. ఆ తోలుతో రైతుకు చెప్పులు, మోట తోలుసంచి కుట్టి ఇవ్వాలి. అందుకు కళ్లంలో మేర కొలిచేవారు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం వారి విధి. మూడు నియమాల్లో ఏది పాటించినా ఈ అల్లికలో ఒక పోగు తెగుతుంది. కోతల రోజుల్లో ఆదివారం పొలానికి వెళ్లకపోతే రైతుకు కోపం. జాతరలో డప్పు మోగకపోతే ఊరందరికీ కోపం. పని ఇవ్వకపోవడం, నీళ్లకు అడ్డు తగలడం, కొట్టడం జరిగాయి.

బాప్తిస్మం ఒక్కసారే. ఆదివారం మాత్రం ఏడు రోజులకొకసారి వస్తుంది, జాతర ఏటేటా వస్తుంది, గొడ్డు ఎప్పుడు చస్తుందో తెలియదు. పరీక్ష ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. కొందరు వెనక్కు తగ్గారు. నిలిచినవారు మాత్రం మనసు మారిందని మాటల్లో రుజువు చేయనక్కరలేకపోయింది. నిలిచినందుకు పోగొట్టుకొన్న మేర ఆ రుజువు. 'నిలు' ధాతువు నుంచి వచ్చిన 'నిలకడ' అనే మాటకు ఇంతకు మించిన వ్యాఖ్యానం మాకు తెలియదు.

1876-78 కరువులో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరినవారిని పదిహేను నెలలు ఆపాడు. అన్నం కోసం వస్తున్నారన్న మాట రాకూడదని. సహాయం ముగిశాకే ద్వారం తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకె ప్రపంచమంతా పాకింది. మేము విద్యార్థులకు చెప్పేది అంకె గురించి కాదు, దానికి ముందున్న పదిహేను నెలల గురించి. ఆకలి మధ్య ఆగమంటే ఆగి, సహాయం తీరిపోయాక కూడా వచ్చినవారిని 'అన్నం క్రైస్తవులు' అని కొట్టిపారేయడం తేలిక కాదు. అలాగని కరువుకు, కులపీడనకు ఈ ఉద్యమంలో పాత్ర లేదనడమూ చరిత్ర కాదు. గౌరవం కోరుకోవడం, రక్షణ కోరుకోవడం, దేవుణ్ణి కోరుకోవడం ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు. ఏది నిలుస్తుందో కాలం చెబుతుంది.

సాయంకాలపు కూడిక

పాట, నియమం రెండూ ఒంటరిగా నిలవవు. వాటికి తోడు కావాలి. దోర్నకల్లు అధ్యక్షమండలం ఈ సంగతిని బాగా గ్రహించింది. 1912లో దానికి బిషప్పుగా వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తెలుగు నేర్చుకొని, 1945లో మరణించేవరకు తెలుగు పల్లెల మధ్యనే తిరిగాడు. తమిళనాడులో తెలుగువారు స్థిరపడిన చరిత్ర మనకు తెలుసు. తెలుగుదేశంలో ఒక తమిళుడు తెలుగువాడై స్థిరపడిన చరిత్ర ఇది.

పల్లెల్లోని క్రైస్తవులు ఎక్కువమంది కూలీలు. పొద్దున ప్రార్థనకు తీరిక లేదు. అందుకే కూలి నుంచి వచ్చి గంజి కాచుకొన్నాక, దీపం వెలుగులో, పల్లె ఉపాధ్యాయుడు కూడిక నడిపేవాడు. పాట, కంఠస్థం చేసిన ప్రార్థన, చిన్న కథ. అదే చోట పగలు పిల్లలకు ఓనమాలు. పూజారి, పంతులు, ఉత్తరాలు రాసిపెట్టేవాడు అన్నీ ఆ ఉపాధ్యాయుడే. ఆయన జీతం బహు తక్కువ. ఆయన పేరు చాలా చోట్ల ఏ పుస్తకంలోనూ లేదు. అతనితోపాటు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు పాటలు నేర్పిన 'బైబిలు స్త్రీలు' ఉన్నారు. పెద్ద పేర్ల చరిత్ర కింద నిజంగా రోజువారీ భక్తిని మోసినవారు వీరే.

ఎల్లలు దాటినవారు

పాస్టరు, గుడి, మిషను ఏవీ లేనిచోట ఏమైంది? దీనికి నటాల్ చక్కని సాక్ష్యం. దక్షిణాఫ్రికాలోని చెరకు, తేయాకు తోటలకు కూలి ఒప్పందం మీద వెళ్లిన తెలుగువారిలో బాప్తిస్టులున్నారు. వారు తమలో తామే కూడి ప్రార్థన చేసుకొంటూ, తమకొక తెలుగు బోధకుణ్ణి పంపమని స్వదేశానికి కబురు చేశారు. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య వెళ్లాడు. పంపినది అమెరికా కాదు, తెలుగు బాప్తిస్టుల స్వదేశీ మిషను సంఘం. అదే ఏడాది చివర కియర్స్‌నీలో సంఘం ఏర్పడింది. సంఘం పుట్టాక ప్రార్థన మొదలు కాలేదు. ప్రార్థన ఆగలేదు కనుక సంఘం పుట్టింది.

మన పొరుగునా ఇదే వరస. తిరువళ్లూరు జిల్లా కీళచ్చేరి వంటి ఊళ్లలో 18వ శతాబ్దంలో వలస వచ్చిన తెలుగు కతోలికుల సంతతి ఉంది. జ్యూయెట్ 1878లో మద్రాసులో తెలుగువారి కోసం కేంద్రం తెరిచాడు. 1880లో మొదలై 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లో తెలుగు కూలీలు, తమిళ కూలీలు పక్కపక్క వరసల్లో బతికారు. గని మూతపడితే జీతం ఆగింది; ఇంట్లో సాయంకాలపు పాట ఆగవలసిన అవసరం లేదు. వలసలో మూటగట్టుకొని పోగలిగిన గుడి అదొక్కటే.

కాగితం మీద, ఇంట్లో

నిలకడకు స్వాతంత్ర్యం తరువాత కూడా వెల ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలో చేరిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' వర్గంగా లెక్కిస్తారు. ఫలితంగా అనేక కుటుంబాల్లో ధ్రువపత్రం ఒక మాట చెబుతుంది, దీపం పెట్టిన గది మరో మాట చెబుతుంది. దీనిని కపటమని తీర్పు చెప్పే ముందు, కులం మతం మారినా మారదన్న నిజాన్ని గుర్తుంచుకోవాలి. చర్చిలో సైతం కులాన్ని బట్టి బల్లలు, స్మశానాలు వేరైన ఊళ్లున్నాయి. మారువేషం అన్న అనుమానాన్ని చట్టమే ఇలా మళ్లీ వారి నెత్తిన పెట్టింది. తాతల కాలంలో మేర పోగొట్టుకొన్నవారి మనుమలు ఇప్పుడు సీటునో ఉద్యోగాన్నో తూచుకోవలసి వస్తోంది.

భాషావేత్తగా ఒక మాట

భాష ఎక్కడ బతుకుతుందని అడిగితే, ఏయే వ్యవహార రంగాల్లో దాన్ని రోజూ వాడుతున్నారో చూడమంటారు భాషాశాస్త్రజ్ఞులు. తెలుగునేల వెలుపల బడి పోయింది, కచేరీ పోయింది, అంగడి చాలావరకు పోయింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగుకు చోటు మరింత ఇరుకైంది. మిగిలిన రంగాల్లో ఇల్లు ఒకటి, ప్రార్థన ఒకటి. ఇంటి ప్రార్థనలో రెండూ కలుస్తాయి.

ఈ ప్రార్థనల తెలుగు ప్రత్యేకమైనది. బజారులో 'చేస్తున్నాం' అనే పిల్లవాడు ప్రార్థనలో 'చేయుచున్నాము' అంటాడు. 'కావుము', 'రమ్ము' వంటి రూపాలు అతనికి వ్యాకరణం ద్వారా రాలేదు, నాయనమ్మ ద్వారా వచ్చాయి. ఇంట్లో పెద్దలను 'మీరు' అనే అదే పిల్లవాడు దేవుణ్ణి 'నీవు' అంటాడు. గిడుగువారు బడిపుస్తకాల నుంచి తరిమిన గ్రాంథికం కీర్తనల పుస్తకంలో తలదాచుకొంది. కాని లిపి జారిపోతోంది. కొన్ని ఇళ్లలో తెలుగు కీర్తనను తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో రోమను అక్షరాల్లోనో రాసుకొని పాడుతున్నారు. దానిని తప్పుపట్టనక్కరలేదు, పాడేవారున్నారన్నది ముఖ్యం. తరువాతి మెట్టులో పాట కూడా మారితే, ఆ ఇంటి తెలుగుకు నిత్యం నోటికి వచ్చే సందర్భం మరొకటి ఉండదు.

కనుక విద్యార్థులకు మేము సూచించేది చిన్న పని. మీరు క్రైస్తవులైనా కాకపోయినా, మీ ఊరి తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోని పాత కీర్తనల పుస్తకాలను చూడండి. అట్టల లోపల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు, వలస తేదీలు రాసి ఉంటాయి. ఏ పాట దగ్గర కాగితం నలిగిందో గమనించండి. పెద్దవాళ్ల నోటి ప్రార్థనను వారి అనుమతితో నమోదు చేయండి. ఏ క్రియారూపం, ఏ ఉచ్చారణ, ఏ తమిళమాట, ఏ ఒడియామాట కలిసిందో రాసుకోండి. బాప్తిస్మాల పట్టికలు మిషను దస్తావేజుల్లో భద్రంగానే ఉన్నాయి. మర్నాటి నుంచి జరిగిన చరిత్ర ఆ ఇళ్లలో మాత్రమే ఉంది. దాన్ని గొంతులో నిలుపుకొన్నవారు పెద్దవాళ్లవుతున్నారు. వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టడం మంచిది.